ఫేస్‌బుక్‌లో ‘ఫ్రెండ్స్’కి మార్చినా పాత పోస్టులు అందరికీ కనిపిస్తుంటే

మీరు మార్చిన సెట్టింగ్ ఇకముందు పెట్టే పోస్టులకే వర్తిస్తుంది. ఫేస్‌బుక్‌లో ‘ఫ్రెండ్స్’ అని ఎంచుకున్నాక కూడా కాలేజీ రోజుల పోస్టులు కొత్త ఆఫీసువారికి కనిపిస్తున్నాయని రాశారు కదా, కారణం అదే. ప్రతి పాత పోస్టుకూ అప్పట్లో మీరిచ్చిన అనుమతే కొనసాగుతుంది.

1. సెట్టింగ్స్‌లో ‘లిమిట్ పాస్ట్ పోస్ట్స్’ వెతికి నొక్కండి. పబ్లిక్‌గా ఉన్న పాత పోస్టులన్నీ ఒకేసారి ‘ఫ్రెండ్స్’కి మారతాయి. తర్వాత మనసు మారితే ఒక్కో పోస్టునూ విడిగా మార్చుకోవాల్సిందే.

2. చాలామంది వదిలేసేది ఇది: ఇతరులు మిమ్మల్ని ట్యాగ్ చేసిన ఫొటోలు. వాటిని ఎవరు చూడాలో నిర్ణయించేది మీరు కాదు, పెట్టినవారు. మీ ప్రొఫైల్‌లో దాచినా వారి ప్రొఫైల్‌లో అలాగే ఉంటాయి. యాక్టివిటీ లాగ్‌లో (ఫేస్‌బుక్‌లో మీ పోస్టులు, కామెంట్లు, ట్యాగ్‌ల జాబితా) వెతికి ట్యాగ్ తీసేయండి. నిజంగా ఇబ్బంది పెట్టే ఫొటో ఉంటే ఆ స్నేహితుణ్ని అడిగి తీయించండి. మొహమాటపడకండి, ఉద్యోగం మీది. ఇతరుల పబ్లిక్ పోస్టుల కింద మీరు రాసిన కామెంట్లూ అంతే, మీరో, ఆ పోస్టు పెట్టినవారో చెరిపేస్తే తప్ప పోవు.

3. ‘వ్యూ యాజ్’ నొక్కి, బయటివారికి మీ ప్రొఫైల్ ఎలా కనిపిస్తోందో చూడండి.

ఆఫీసువారిని ఇప్పటికే ఫ్రెండ్స్‌గా చేర్చుకుని ఉంటే పైవేవీ వారిని ఆపవు. వారిని ‘రెస్ట్రిక్టెడ్’ జాబితాలో చేర్చండి. అప్పుడు వారికి మీ పబ్లిక్ పోస్టులు, మీరు వారిని ట్యాగ్ చేసినవి మాత్రమే కనిపిస్తాయి. జాబితాలో చేర్చినట్టు వారికి సమాచారం వెళ్లదు.