వాదించే ముందు పేర్లు మార్చి చూడు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. ఆ వక్తని మీ కాలేజీలో మాట్లాడనివ్వకూడదని నువ్వు, మాట్లాడనివ్వాలని నీ స్నేహితుడు. చివరికి ఇద్దరికీ మాటల్లేవు. ఎవరిది రైటో చెప్పమన్నావు. పనిలో పనిగా, బుర్ర స్పష్టంగా పనిచేయాలంటే ఫిలాసఫీలో ఏం చదవాలో కూడా అడిగావు. ముందు ఈ రెండోదానికి జవాబిస్తాను. ఇజాలన్నీ లిస్టు రాసుకుని చదవడం మాత్రం మొదలుపెట్టకు. అలా చదివినవాళ్లలో చాలామంది పాత అభిప్రాయాలకే కొత్త పేర్లు తగిలించుకుని తిరుగుతుంటారు.

అసలు నువ్వు చేసింది ఏ రకం వాదనో తెలుసుకో. గౌతమ మహర్షి తర్కం మీద రాసిన న్యాయసూత్రాల్లో దీనికి మూడు పేర్లున్నాయి. నిజం తేల్చుకోవాలని ఇద్దరూ ప్రమాణాలతో, అంటే ఆధారాలు చూపిస్తూ, మాట్లాడుకుంటే అది వాదం. ఎలాగైనా గెలవాలని మాట్లాడితే జల్పం. తనకంటూ ఏ పక్షమూ నిలబెట్టకుండా ఎదుటివాడిది కూలగొట్టడమే పనిగా పెట్టుకుంటే వితండం. రాజకీయాల మీద జరిగే మాటల్లో చాలావరకు జల్పమే. (టీవీ చర్చల సంగతి నేను చెప్పక్కర్లేదు.) జల్పంలో వాడే ఎత్తుల్లో ఒకటి ఛలం, అంటే ఎదుటివాడి మాటకి అతను ఉద్దేశించని అర్థం అంటగట్టి దాన్ని ఖండించడం. సభ జరగనివ్వాలన్న స్నేహితుణ్ణి నువ్వు 'అయితే ఆయన చెప్పేదంతా నీకు ఇష్టమేనన్నమాట' అన్నావు చూడు, అదే. అతను మాట్లాడింది సభ గురించి, నువ్వు తప్పుపట్టింది అతని మనసుని. తగాదా అక్కడే మొదలైంది.

దీనికి విరుగుడు కూడా మన తార్కికుల దగ్గరే ఉంది. ఖండించే ముందు పూర్వపక్షం, అంటే ఎదుటివాడి వాదన, చెప్పాలి. మొక్కుబడిగా కాదు, 'అవును, నేననేది సరిగ్గా ఇదే' అని అతను ఒప్పుకునేలా చెప్పాలి. ఇది వినడానికి తేలికగా ఉంటుంది గానీ, కోపంలో ఉన్నప్పుడు చేసి చూడు.

ఇక నీ వాక్యం: 'ఆయన మాటలు ప్రమాదకరం, కాబట్టి ఆపాలి.' ఇందులో మొదటి సగం విచారించి తేల్చాల్సిన విషయం. ఆయన ఇంతకుముందు మాట్లాడినచోట ఏం జరిగింది? ఎవరికైనా దెబ్బలు తగిలాయా, లేక వినేవాళ్లకి ఒళ్లు మండిందా? రెండో సగం, ఏం చేయాలన్నది. 'ఇలా ఉంది' నుంచి 'ఇలా ఉండాలి'కి జనం చప్పుడు లేకుండా దూకేస్తారని 18వ శతాబ్దంలోనే డేవిడ్ హ్యూమ్ అనే తత్వవేత్త పట్టుకున్నాడు. నీ రెండు సగాల మధ్య కూడా నువ్వు పైకి అనని మాట ఒకటి దాగి ఉంది: ప్రమాదకరమైన మాటలేవో తేల్చి ఆపేసే అధికారం ఎవరికో ఒకరికి ఉండాలి. అసలు రాజకీయమంతా ఆ అనని మాటలోనే ఉంది. ఆ ఎవరో ఒకరు ఎవరు? ప్రిన్సిపాలా, పోలీసులా, గట్టిగా అరిచే గుంపా?

ఇక్కడే పేర్లు మార్చి చూడు. వచ్చే ఏడాది ఆ అధికారం నీకు బొత్తిగా గిట్టనివాళ్ల చేతికి వచ్చిందనుకో, నీకు నచ్చిన వక్తని వాళ్లు ఇదే మాట చెప్పి ఆపేస్తే ఊరుకుంటావా? ఊరుకోనంటే నీ దగ్గర ఉన్నది నియమం కాదు, పార్టీ. తత్వవేత్త కార్ల్ పాపర్ 1945లో రాసింది కూడా ఇంచుమించు ఇదే: ఎవరు పాలించాలి అని అడిగేకన్నా, చెడ్డ పాలకులొచ్చినా పెద్దగా నష్టం చేయలేకుండా వ్యవస్థని ఎలా కట్టుకోవాలి అని అడగడం మేలు.

అంటే ఏ మాటకీ హద్దే లేదా అంటావు. ఉంది. 1859లో ఇంగ్లీషు తత్వవేత్త జాన్ స్టువర్ట్ మిల్ 'ఆన్ లిబర్టీ' అనే పుస్తకంలో ఒక ఉదాహరణ ఇచ్చాడు. ధాన్యం వ్యాపారులు పేదల కడుపు కొడుతున్నారని పత్రికలో రాస్తే రాయనివ్వాలి. అదే మాటని వ్యాపారి ఇంటి ముందు రెచ్చిపోయి ఉన్న గుంపుతో అంటే శిక్షించవచ్చు. రెండుచోట్లా మాట ఒకటే, వెంటనే జరగబోయే హానిలోనే తేడా. నీ కేసుని ఈ గీత మీద పెట్టి చూడు. మనసు నొచ్చుకోవడాన్ని మాత్రం హాని ఖాతాలో వేయకు, వేస్తే ఎవరూ నోరెత్తలేరు.

మిల్‌ని కూడా కళ్లు మూసుకుని నమ్మకు. ఆయన 1823 నుంచి 1858 దాకా ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి. స్వేచ్ఛ గురించి అంత బాగా రాసిన ఆ పుస్తకంలోనే, ఇతరులకి హాని లేనంతవరకు ఎవరినీ ఆపకూడదన్న ఈ సూత్రం పిల్లలకీ 'వెనకబడిన' సమాజాలకీ వర్తించదన్నాడు. అనాగరికులని బాగుచేయడం కోసమైతే నిరంకుశ పాలన సబబేనన్నాడు. పేర్లు మార్చి చూసే పరీక్షలో ఆయనే తప్పాడు! అలాగని పుస్తకం అవతల పారేయక్కర్లేదు. ఎంత గొప్పవాడైనా సరే, మీ స్వేచ్ఛని అతని పాదాల దగ్గర పెట్టొద్దన్న మిల్ హెచ్చరికని అంబేద్కర్ 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో గుర్తుచేశారు. మిల్ ఎవరిని లెక్కలోంచి తీసేశాడో, ఆ దేశపు మనిషే ఆయన మాటని ఆయనకన్నా విశాలంగా వాడుకున్నాడు. పుస్తకాలని చదవాల్సిన తీరు ఇదేనని నా అభిప్రాయం.

ఇక నీ మొదటి ప్రశ్న, ఎవరిది రైటు అని. ఇప్పుడే చెప్పను, ఎందుకంటే నాకు చేరింది నీ పక్షమే. ఒక పేజీలో అతని వాదన రాసి, ముందు అతనికే చూపించి, 'ఇదేనా నువ్వనేది?' అని అడుగు. అతను కాదంటే దిద్దు. అవునన్నాక నాకు పంపు. కింద నీ జవాబు కూడా రాయి, అప్పటికి అది ఇంకా మారకుండా ఉంటే.

ఇట్లు,
మీ మామయ్య