రిటైరయ్యాక ఇంట్లో టాయ్ ట్రైన్: గుంతకల్లు జంక్షన్ వద్దు, ఆరడుగుల సైడింగ్ కట్టండి

మీరు రాసిన దాంట్లో నాకు అర్థమైంది ఇదీ సార్: మే నెలలో రిటైరవుతున్నారు, ప్రొద్దుటూరులో మీ మేడమీద రేకుల గది ఖాళీగా ఉంది, దాని నిండా గుంతకల్లు జంక్షన్ కట్టాలని చిన్నప్పటి నుంచీ కోరిక, ఇంట్లోవాళ్లేమో నవ్వుతున్నారు. నేను కడపలో లెక్కల మాస్టరుగా చేసి రిటైరైనవాణ్ణి. కొన్నేళ్లుగా నాకూ ఇదే పిచ్చి. ఉన్నమాట చెప్తా, ఏమనుకోవద్దు. గుంతకల్లు వద్దు. రేకుల గది అసలే వద్దు.

గుంతకల్లు లెక్క చూడండి. ఎక్కువమంది వాడేది హెచ్‌ఓ స్కేలు, అంటే అసలు రైలులో 87వ వంతు. ఐసీఎఫ్ రకం ప్రయాణికుల పెట్టె ఒక్కటి 22 మీటర్ల పైచిలుకు ఉంటుంది. 87తో భాగిస్తే పాతిక సెంటీమీటర్లు వస్తుంది. 24 పెట్టెల ఎక్స్‌ప్రెస్ అంటే ఆరు మీటర్లు, అది నిలబడే ప్లాట్‌ఫారం కూడా అంతే. మన ముద్దనూరు దగ్గరి థర్మల్ కేంద్రానికి వచ్చే బొగ్గు గూడ్సు తీసుకుంటే, 58 బాక్స్ఎన్ (పైకప్పు లేని బొగ్గు) వ్యాగన్లకు ఇంజను కాకుండానే ఏడు మీటర్లు దాటుతుంది. ఇక ఐదు దిక్కులకు లైన్లు చీలే జంక్షన్‌ను ఆ గదిలో ఎట్లా పట్టిస్తారు? నాలుగు పెట్టెల రైలు, మూరెడు ప్లాట్‌ఫారంతో సరిపెడితే దాన్ని చూసి గుంతకల్లు అని ఎవరూ అనరు, ముందు మీరే అనరు.

ఇంకో మాట. కొత్తవాళ్లు సాధారణంగా ఒక సెట్టు కొని, ఎనిమిది బై నాలుగు ప్లైవుడ్ షీటు మీద గుండ్రంగా పట్టాలు పరిచి రైలు తిప్పుతారు. వారం బాగుంటుంది. ఆ తర్వాత చూడబుద్ధి కాదు. అది తిరగడానికి మీ అవసరమేమీ లేదు గదా! పైగా అంత చిన్న షీటులో వంపు 18 అంగుళాల వ్యాసార్థానికి మించి పెద్దగా రాదు. ఆ వంపులో పాతిక సెంటీమీటర్ల పెట్టెల మధ్యభాగం లోపలికీ కొసలు బయటికీ పొడుచుకొచ్చి చాలా వికారంగా ఉంటుంది.

అందుకే నా సలహా షంటింగ్, అంటే ఇంజనుతో వ్యాగన్లను లాగీ తోసీ కావలసిన వరుసలో చేర్చడం. అలన్ రైట్ అనే ఇంగ్లిష్ మోడలర్ తయారుచేసిన ఇంగ్లెనూక్ సైడింగ్స్ అనే చిన్న అమరిక ఒకటుంది. రెండు పాయింట్లు (బండిని ఒక లైను నుంచి ఇంకో లైనుకు మళ్లించే పట్టా ముక్కలు), మూడు సైడింగులు (వ్యాగన్లు నిలిపే పక్క లైన్లు). ఒకదాంట్లో ఐదు వ్యాగన్లు పడతాయి, మిగతా రెండింట్లో మూడేసి. ఇంజను వెనక్కీ ముందుకీ ఆడే కొసలో ఇంజనుతో పాటు మూడు వ్యాగన్లకే చోటు. మొత్తం ఎనిమిది వ్యాగన్లు పెట్టి, వాటి నంబర్లు రాసిన చీటీల్లోంచి ఐదు తీయాలి. తీసిన వరుసలోనే ఆ ఐదింటినీ పొడుగు సైడింగులో కూర్చాలి. అంతే ఆట. ఎనిమిదిలోంచి ఐదింటిని వరుసగా తీయడానికి 6720 విధాలున్నాయి, కాబట్టి విసుగు సంగతి మరిచిపోండి. నాకు ఒక్కోసారి పది నిమిషాల్లో తెగుతుంది, ఒక్కోసారి కాఫీ చల్లారిపోయినా తెగదు. చీటీలు మా ఇంట్లో ఆమె తీస్తుంది. కావాలనే చిక్కు వరుస తీస్తుందని నా అనుమానం, చీటీలు మడిచేది నువ్వేగదా అని ఆమె వాదన.

బాక్స్ఎన్ వ్యాగన్ హెచ్‌ఓలో పన్నెండు సెంటీమీటర్ల చిల్లర, డీజిల్ ఇంజను ఇరవై సెంటీమీటర్లు. పాయింట్లతో కలిపి లెక్కేస్తే ఆరడుగుల పొడవు, అడుగున్నర వెడల్పులో సైడింగంతా పట్టేస్తుంది. దానికి మన సీమలో కథ వెతుక్కోవాల్సిన పని కూడా లేదు. ఎర్రగుంట్ల చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీల సైడింగులు మీరు చూసే ఉంటారు. 2016లో నంద్యాల లైను పూర్తయ్యాక మీ ఊరి మీదుగానే రైళ్లు పోతున్నాయి. ఆ లైనులో చిన్న స్టేషను ఒకటి, పక్కన సిమెంటు సైడింగు ఒకటి. సిమెంటు బస్తాలకు పైకప్పున్న బీసీఎన్ వ్యాగన్లు నాలుగు, బొగ్గు వ్యాగన్లు నాలుగు. బీసీఎన్ కొంచెం పొడుగు, ఆ మేరకు చోటు అదనంగా చూసుకోండి.

స్కేలు ఎంచుకునేటప్పుడు అందరూ గదిని కొలుస్తారు. మన వయసులో కొలవాల్సింది కళ్లనూ మోకాళ్లనూ. 160వ వంతు ఉండే ఎన్ స్కేలులో పట్టాల మధ్య దూరం 9 మిల్లీమీటర్లే. చోటు బాగా కలిసొస్తుంది, నిజమే. కానీ ఆ చిన్న చక్రాలను పట్టా మీద ఎక్కించడానికి కళ్లజోడు సవరించుకుంటూ ఎన్నిసార్లు వంగుతారు? హెచ్‌ఓలో 16.5 మిల్లీమీటర్లు, చేతికి పట్టు దొరుకుతుంది. తెలిసినవాళ్లు ఒక లోపం పట్టుకుంటారు: మన బ్రాడ్‌గేజి 1676 మిల్లీమీటర్లు, 87వ వంతు చేస్తే 19 దాటాలి. 16.5 అనేది 1435 మిల్లీమీటర్ల స్టాండర్డ్ గేజి లెక్క. అంటే మన రైలు కింద పట్టాలు కాస్త ఇరుకుగా కనిపిస్తాయి. నేను పట్టించుకోను.

బల్ల కిందికి దూరి, వెల్లకిలా పడుకుని వైర్లు కలిపే పని పెట్టుకోవద్దు. మూడేసి అడుగుల రెండు పలకలు చేయించి బోల్టులతో బిగించండి. ఒక్కరే ఎత్తగలిగే బరువుండాలి. వైరింగ్ చేసేటప్పుడు విప్పి, బోర్లించి, కుర్చీలో కూర్చుని చేసుకోవచ్చు. ఎత్తు భోజనాల బల్ల కంటే జానెడు ఎక్కువ ఉంటే కూర్చున్న చోటి నుంచే వ్యాగన్లు కళ్లకు ఎదురుగా కనిపిస్తాయి.

ఇక రేకుల గది. ఏప్రిల్, మే ఎండల్లో ఆ గదిలో మీరే ఉండలేరు, ప్లాస్టిక్ వ్యాగన్లు ఎట్లా ఉంటాయి? పట్టాలు కూడా సాగుతాయి. మూడు మీటర్ల నికెల్ సిల్వర్ పట్టా 25 డిగ్రీల తేడాకు మిల్లీమీటరు దాటి సాగుతుంది. కాబట్టి కింద ఏ గదిలో పెట్టినా సరే, అతుకులన్నిటికీ సోల్డరింగ్ చేసేయకుండా అక్కడక్కడా వెంట్రుకవాసి సందు వదలండి. రేకుల సందుల్లోంచి వచ్చే దుమ్ము ఇంకో తలనొప్పి. ఇంజనుకు కరెంటు అందేది పట్టా మీంచి చక్రానికి, అక్కడి నుంచి మోటారుకు. మధ్యలో సన్నని దుమ్ముపొర వచ్చినా ఇంజను తడబడుతుంది, షంటింగ్ వేగంలో అయితే ఆగిపోతుంది. పడకగదిలో ఒక గోడ అడగండి. పైన పాత దుప్పటి కప్పండి. ఆడే ముందు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన గుడ్డతో పట్టాలు తుడవండి. గరుకు కాగితంతో రుద్దితే గీతలు పడి, వాటిల్లో మురికి ఇంకా ఎక్కువ చేరుతుంది.

కరెంటు సంగతి చిన్నదే: 12 వోల్టుల డీసీ, దిశ మార్చాలంటే ప్లస్సు మైనస్సు తారుమారు చేసే స్విచ్చు. పట్టాలను కలిపే క్లిప్పుల మీద నమ్మకం పెట్టుకోకుండా ప్రతి పట్టా ముక్కకూ కింది నుంచి సొంతంగా వైరు ఇవ్వండి. సోల్డరింగ్‌కు రోజిన్ పేస్టే వాడండి, యాసిడ్ రకం పట్టానూ వైరునూ తినేస్తుంది. పాయింటు మధ్యలో ప్లాస్టిక్ ముక్క ఉన్న రకం కొంటే నెమ్మదిగా పోయే ఇంజను సరిగ్గా ఆ ముక్క మీదే నిలబడిపోతుంది. అక్కడ కూడా కరెంటు పారే రకం అడిగి తీసుకోండి.

సీనరీకి మాత్రం బయట ఏదీ కొనవద్దు. ప్లాట్‌ఫారం అంచుకు బండల పాలిష్ ఫ్యాక్టరీ బయట పారేసిన సన్నటి కడపరాయి పెచ్చులు తెచ్చుకోండి. మీ ఊరి నల్లరేగడినే ఎండబెట్టి, దంచి, వస్త్రగాళితం పట్టండి. పరిచే ముందు అందులో అయస్కాంతం తిప్పండి, ఇది మాత్రం మరవొద్దు. మట్టిలో ఇనుప రజను ఉంటుంది, అది ఎగిరి మోటారు అయస్కాంతానికి అంటుకుంటే ఇంజను పని అయిపోయినట్టే. ఫెవికాల్‌ను నీళ్లలో పల్చగా కలిపి, గిన్నెలు తోమే ద్రవం ఒక చుక్క వేసి, మట్టి మీద డ్రాపరుతో వదిలితే బాగా ఇంకి గట్టిపడుతుంది. ఎండుగడ్డికి కొబ్బరిపీచు. కంపచెట్లకు ఎండు పుల్లలు, రంగేసిన స్పాంజి తురుము. మన లైను పక్కన కంపచెట్లు లేకపోతే అది కడప జిల్లా అనిపించదు.

ఖర్చు అడిగారు. చెక్క, మట్టి, వైర్లు పెద్ద లెక్క కాదు. డబ్బంతా ఇంజనుకూ పాయింట్లకూ పోతుంది. అవి చాలావరకు బయటి దేశాల సరుకే. బొమ్మల మీద దిగుమతి సుంకం 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70కి పెంచారు. బయటి వెబ్‌సైటులో కనిపించే ధర చూసి సంతోషపడకండి, సుంకం, తపాలా కలిపి చూసుకోండి. గ్రాట్యుటీ ముట్టుకోవద్దు. ఒక మంచి ఇంజను, రెండు మంచి పాయింట్లు కొనండి. వ్యాగన్లు పెన్షన్ వచ్చిన నెలకొకటి.

కొనే ముందు పూణే వెళ్లి రండి. కోత్రూడ్‌లో బీ.ఎస్. జోషీగారు కట్టిన చిన్న రైళ్ల మ్యూజియం 1998 నుంచి నడుస్తోంది, అక్కడి ప్రధాన రైలు నమూనా హెచ్‌ఓలోనే. ఎర్రగుంట్లలో ముంబై రైలెక్కితే బండి మారకుండా పూణేలో దిగొచ్చు. నవ్వుతున్నవాళ్లను కూడా వెంట తీసుకుపోండి, టికెట్టు దండగ కాదు.

పడకగది గోడ కొలత, తలుపు ఏ వైపు తెరుచుకుంటుందో ఇక్కడే రాయండి. రెండు పాయింట్లూ ఎక్కడ పడాలో కాగితం మీద గీసి పెడతాను.