అడ్రస్ ఒకటే, విలువలు వేరు: ఫోర్క్ దగ్గర ఆగిపోయిన విద్యార్థికి

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. బీటెక్ సీఎస్‌ఈ మూడో సంవత్సరం చదువుతున్నాను. ఫోర్క్ (నడుస్తున్న ప్రోగ్రాము, అంటే ప్రాసెస్, తనలాంటిదే ఇంకొకటి పుట్టించే పిలుపు) తరువాత పేరెంట్ (పాతది), చైల్డ్ (కొత్తది) ప్రాసెస్‌లు రెండూ ఒక వేరియబుల్‌కు ఒకే అడ్రస్ చూపిస్తూ వేర్వేరు విలువలు ఎలా చూపగలవని ఇంటర్వ్యూలో అడిగితే చెప్పలేకపోయాను. ఈ ఆపరేటింగ్ సిస్టమ్స్ సబ్జెక్టు వదిలేసి వెబ్ కోర్సులో చేరమని మావయ్య అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: వెబ్ నేర్చుకోవడంలో తప్పు లేదు గాని, ఒక్క ప్రశ్నకు జవాబు రాలేదని ఆపరేటింగ్ సిస్టమ్స్‌ను వదిలేయడం నాకు సమ్మతం కాదు. గేట్‌లోనూ, సర్వర్లు, డేటాబేసుల మీద పనిచేసే ఉద్యోగాల్లోనూ ఈ సబ్జెక్టు మీకు మళ్లీ ఎదురవుతుంది.

ప్రోగ్రాముకు కనిపించేది వర్చువల్ అడ్రస్, అంటే ర్యామ్‌లోని అసలు చోటు కాదు. పాలకొల్లులోనూ నరసాపురంలోనూ ఒకే డోర్ నంబరుతో రెండు ఇళ్లు ఉండవచ్చు; అలాగే రెండు ప్రాసెస్‌లలో ఒకే అడ్రస్ ఉన్నా, అది ర్యామ్‌లో ఏ చోటుకు చేరుతుందో నిర్ణయించేది ఆ ప్రాసెస్ సొంత పేజ్ టేబుల్ (ఏ అడ్రస్ ర్యామ్‌లో ఎక్కడుందో చెప్పే పట్టిక). చాలా నోట్సుల్లో ‘చైల్డ్‌కు మెమరీ మొత్తం నకలు వస్తుంది’ అని ఉంటుంది. ఫలితం అలాగే కనిపిస్తుంది, కానీ లినక్స్ కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) నిజానికి పేజ్ టేబుళ్లకే నకలు తీసి, ప్రైవేటు పేజీలను (మెమరీ ముక్కలను) చదవడానికి మాత్రమే అనుమతిస్తూ ఇద్దరికీ ఉమ్మడిగా ఉంచుతుంది. ఎవరు ముందుగా ఒక పేజీలో రాయబోయినా పేజ్ ఫాల్ట్ (పని ఆపి కెర్నెల్‌ను పిలిచే సంకేతం) వస్తుంది; అప్పుడు కెర్నెల్ ఆ ఒక్క పేజీకి, అంటే సాధారణ పీసీల్లో 4 కేబీకి, కొత్త నకలు తీసి రాయబోయిన ప్రాసెస్‌కు ఇస్తుంది. దీనినే కాపీ ఆన్ రైట్ అంటారు.

ఇది బట్టీ పట్టవలసినది కాదు, కళ్లతో చూడవలసినది. సీ భాషలో మెమరీ అడిగే మాలాక్‌తో 100 ఎంబీ తీసుకుని, అంతా నింపి, ఫోర్క్ చేసి, చైల్డ్‌ను కొంతసేపు స్లీప్‌లో ఉంచండి. ప్రోక్ డైరెక్టరీలో దాని పీఐడీ (ప్రాసెస్ నంబరు) కింద ఉన్న ఎస్‌మ్యాప్స్ ఫైలు తెరిస్తే ఆ మెమరీ షేర్డ్ డర్టీ (రాసిన, ఉమ్మడిగా ఉన్న పేజీలు) లెక్కలో కనిపిస్తుంది. తరువాత ప్రతి 4,096 బైట్లకు ఒక బైటు చొప్పున చైల్డ్ చేత మార్పించండి. దాదాపు 25,600 పేజీలు ఒక్కొక్కటిగా ప్రైవేట్ డర్టీలోకి (రాసిన, సొంత పేజీల లెక్కలోకి) మారిపోతాయి.

అది అయ్యాక న్యూలైన్ లేకుండా ఒక మాట ప్రింటెఫ్ చేసి, వెంటనే ఫోర్క్ పిలవండి. ఆ మాట తెరమీద రెండుసార్లు వస్తుంది, ఎందుకంటే ఇంకా బయటికి పోని బఫర్ (ప్రింట్ కావలసినది తాత్కాలికంగా దాచే చోటు) కూడా ప్రాసెస్ మెమరీలోదే. బఫర్‌ను ఖాళీ చేసే ఎఫ్‌ఫ్లష్‌ను ఫోర్క్‌కు ముందు పెట్టి చూడండి, తరువాత పెట్టి చూడండి. ఆ తేడాను మీ మాటల్లో కాగితం మీద రాసుకున్నాక కోర్సు సంగతి మావయ్యగారితో మాట్లాడండి.