ఇంట్లో ఎలక్ట్రానిక్స్ పనికి 250 రూపాయల పసుపు మల్టీమీటర్ చాలదా? లేకపోతే ఖరీదైన ఫ్లూక్ కంపెనీ మీటరే కొనాలా?

స్లో అయిన ఫ్యాన్లు, పోయిన ఎల్ఈడీ బల్బులు, ఇన్వర్టర్ బ్యాటరీ, కొత్తగా మొదలుపెట్టిన ఆర్డుయినో (ప్రోగ్రామ్ రాసి నడిపే చిన్న సర్క్యూట్ బోర్డు)... వీటన్నిటికీ ఒకే మీటరు కావాలి, బడ్జెట్ 1500, బజార్లో 250కి దొరికే పసుపు మీటరు చాలదా అని అడిగారు. ఆర్డుయినోకి చాలు. గోడలో వచ్చే కరెంటు మీద మాత్రం నేను దాన్ని పెట్టను.

చాలామంది మీటరు కొనేటప్పుడు డయల్ మీద ఎన్ని గుర్తులున్నాయో లెక్కపెడతారు. ఇంట్లో ఇన్నాళ్లుగా ఫ్యాన్లూ మిక్సీలూ విప్పుతున్న నా పద్ధతి వేరు. ప్రోబులు (మీటరు వైర్ల కొసన ఉండే మొనలు) పెట్టబోయే చోట్లలో అన్నిటికన్నా ప్రమాదమైనది ఏదో చూస్తాను. అక్కడ చెయ్యి తప్పితే ఈ మీటరు తట్టుకుంటుందా? మిగతావన్నీ దాని తర్వాతే. మీ జాబితాలో ఆ చోటు 230 వోల్టుల సాకెట్టు, దాని వెనక మెయిన్ బోర్డు.

పసుపు మీటరు అంటే డీటీ830 రకం. హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో ఏ షాపులో అడిగినా కౌంటర్ కింద నుంచి తీసి ఇస్తారు. దాని వెనక మూత ఒకసారి విప్పి చూడండి. ఒక 9 వోల్టుల బ్యాటరీ, నల్లటి బొట్టు కింద దాగిన చిప్పు, ఒక చిన్న గాజు ఫ్యూజు ఉంటాయి. 10 ఆంపియర్ల సాకెట్టు పక్కనే వంచి సోల్డర్ చేసిన లావుపాటి తీగ కనబడుతుంది. ఆంపియర్లు కొలిచే కరెంటు మొత్తం ఆ తీగలోంచే పోతుంది, దాని దారిలో ఫ్యూజు లేదు. అందుకే ముందు వైపు ఆ సాకెట్టు దగ్గర 'అన్‌ఫ్యూజ్డ్' అని వాళ్లే రాసిపెడతారు. ఇప్పుడు ఎవరో ఆంపియర్లు కొలిచి, ఎర్ర వైరు అక్కడే వదిలేసి, తర్వాత గోడ సాకెట్టులో వోల్టేజ్ చూద్దామని ప్రోబులు దూర్చారనుకోండి. ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ మధ్య తీగ ముక్క పెట్టినట్టే. అదృష్టం బాగుంటే ఎంసీబీ (షార్ట్ అయితే దానంతటదే కరెంటు ఆపే స్విచ్చి) పడిపోతుంది. లేకపోతే ప్రోబు మొనలు కరిగి నిప్పులు చిమ్ముతాయి, అదీ చేతికి దగ్గర్లో.

మంచి మీటర్లలో 10 ఆంపియర్ల దారిలో కూడా ఫ్యూజు ఉంటుంది, అది తెల్లటి సిరామిక్ గొట్టంలో ఇసుక నింపిన రకం. గాజు ఫ్యూజు పెద్ద షార్ట్‌కి పగిలిపోయి లోపల నిప్పు సాగుతూనే ఉండొచ్చు. ఇసుక ఆ నిప్పుని ఆర్పేస్తుంది. మీటరు మీద క్యాట్ 2, క్యాట్ 3 అని రాసేది కూడా ఈ భద్రత గురించే. ఐఈసీ 61010 అనే ప్రమాణం ప్రకారం సాకెట్టుకి తగిలించే సామాను దాకా క్యాట్ 2, మెయిన్ బోర్డు, ఇంటి వైరింగు క్యాట్ 3, స్తంభం నుంచి వచ్చే సర్వీసు వైరు, కరెంటు మీటరు దగ్గర క్యాట్ 4. మీకు క్యాట్ 3 600 వోల్టులు ఉంటే చాలు. అయితే చవక మీటర్ల మీద కూడా 'క్యాట్ 3 1000 వోల్టులు' అని అచ్చు వేస్తారు. సిరాకి ఖర్చేముంది! నమ్మే ముందు ప్రోబులు చూడండి. మీటరులో దూర్చే పిన్ను చుట్టూ ప్లాస్టిక్ తొడుగు ఉండాలి, పట్టుకునే చోట వేలు జారకుండా గట్టు ఉండాలి. లోపల గాజు ఫ్యూజు కనబడితే ఆ 1000ని పట్టించుకోకండి.

ఇంత ఎందుకు, టెస్టర్ ఉందిగా అంటారేమో. మా అపార్ట్‌మెంట్‌లో ఒక సాయంత్రం కొన్ని ఫ్లాట్లలో లైట్లు మిణుకుమిణుకుమంటుంటే మా ఇంట్లో కళ్లు మిరుమిట్లు గొలిపేలా వెలిగాయి. టెస్టర్ పెడితే ఎప్పటిలాగే వెలిగింది. మీటరు పెడితే 290 దాటి ఊగుతోంది. మెయిన్ ఆపేసి కింద చూపిస్తే మూడు ఫేజులకీ ఉమ్మడిగా వచ్చే న్యూట్రల్ వైరు లూజై నల్లబడింది. న్యూట్రల్ తెగితే ఒక ఫేజ్ మీద వోల్టేజ్ పెరిగి, ఇంకోదాని మీద పడిపోతుంది. ఫేజ్ ఉందా లేదా అన్నది టెస్టర్ చెబుతుంది, ఎంత ఉందో చెప్పదు. ఆ రోజు టీవీ, ఫ్రిజ్ మిగిలాయంటే మీటరు పుణ్యమే.

పసుపు మీటరుతో ఇక్కడ ఇంకో చిక్కుంది. 9 వోల్టుల బ్యాటరీ నీరసపడే కొద్దీ అది రీడింగు ఎక్కువ చూపిస్తుంది. 230 ఉన్నచోట 260 చూసి జనం స్టెబిలైజర్ కొనడానికి పరిగెడతారు. పైగా ఆ రకం మీటరుకి ఏసీ మీద కచ్చితత్వం సాధారణంగా 1.2 శాతం, పైన మరో 10 అంకెలు అని మాన్యువల్లో ఉంటుంది. 750 రేంజిలో ఒక్కో అంకె ఒక్కో వోల్టు. అంటే బ్యాటరీ కొత్తదైనా 230కి 217 చూపించినా, 243 చూపించినా కంపెనీ లెక్కలో అది సరైన మీటరే!

ఇక మీ పనులకొద్దాం. ఫ్యాన్ కండెన్సర్ (కెపాసిటర్ అన్నా అదే) కోసం దాని విలువ కొలిచే కెపాసిటెన్స్ రేంజి తప్పనిసరి, పసుపు మీటరులో అది ఉండదు. సీలింగ్ ఫ్యాన్లలో ఎక్కువగా 2.5 మైక్రోఫ్యారడ్‌ది ఉంటుంది, కొన్నిటిలో 3.15. మెయిన్ ఆపి, కండెన్సర్ వైరు ఒకటి విప్పి, రెండు కొసల్నీ ఒక రెసిస్టరుతోనో పాత ఫిలమెంట్ బల్బుతోనో కలిపి ఉన్న చార్జిని ఖాళీ చేసి అప్పుడు కొలవండి. 2.5 ఉండాల్సింది 1.7, 1.8 చూపిస్తే ఫ్యాన్ నత్తనడక నడవడానికి కారణం దొరికినట్టే. బేరింగు జోలికి పోయే ముందు ఈ పరీక్ష చేస్తే మెకానిక్ ఖర్చు తప్పుతుంది. ఈ ఒక్క పనికే మా ఇంట్లో మీటరు డబ్బులు ఎప్పుడో వచ్చేశాయి.

ఎల్ఈడీ బల్బుల విషయంలో ఆశలు కాస్త తగ్గించుకోండి. డయోడ్ రేంజిలో పెడితే మంచి ఎల్ఈడీ సన్నగా వెలుగుతుందని వీడియోల్లో చూపిస్తారు. మామూలు 3 వోల్టుల ఎల్ఈడీకి అది నిజమే. బల్బుల్లో చాలా వాటికి ఒక్కో ఎల్ఈడీలోనే రెండు మూడు చిప్పులు వరసగా ఉంటాయి, వెలగాలంటే 6, 9 వోల్టులు కావాలి. ఎంత ఖరీదైన మీటరైనా ఆ రేంజిలో సాధారణంగా అంత ఇవ్వదు. దానికి విడిగా ఎల్ఈడీ టెస్టర్ కొనుక్కోవడమే మేలు. బల్బు మూత విప్పి, పిన్నులకి కరెంటు ఇచ్చి కొలవాలని మాత్రం చూడకండి. ఆ బోర్డు చాలావరకు నేరుగా మెయిన్స్‌కి కలిసే ఉంటుంది, కెపాసిటర్ మీద 325 వోల్టుల దాకా డీసీ ఉంటుంది.

ఇన్వర్టర్ బ్యాటరీకి ఏ మీటరైనా సరిపోతుంది. చార్జింగ్ ఆపి కొన్ని గంటలు వదిలేశాక 12.6, 12.7 ఉంటే నిండినట్టు, 12.2 దగ్గర ఉంటే సగానికి వచ్చినట్టు. ఫ్యాన్లు వేసి చూస్తే 11 కిందికి జారిపోయే బ్యాటరీకి డిస్టిల్డ్ వాటర్ పోసినా పెద్దగా ఉపయోగం ఉండదు. ఇన్వర్టర్ అవుట్‌పుట్ కొలిస్తేనే గొడవ. మీది స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ (కరెంటుని నున్నటి అలలా కాక చతురస్రాల్లా ఇచ్చేది) అయితే మామూలు మీటరు అసలు కన్నా 11 శాతం ఎక్కువ చూపిస్తుంది, అంటే 230కి 255. ఫ్యాన్ రెగ్యులేటర్ తర్వాత కొలిచినా అంతే, ఆ అంకెని నమ్మకూడదు. సరిగ్గా కావాలంటే ట్రూ ఆర్‌ఎంఎస్ (అల ఏ ఆకారంలో ఉన్నా సరిగ్గా కొలిచేది) అని రాసి ఉన్న మీటరు తీసుకోవాలి. ఇన్వర్టర్ ఉందన్నారు కాబట్టి మీకు అది పనికొచ్చేదే. అలాగని దాని కోసం భద్రతని వదులుకోకండి.

ఆర్డుయినో దగ్గర అన్నిటికన్నా ఎక్కువ వాడేది కంటిన్యుటీ బీప్, అంటే రెండు చోట్ల మధ్య తీగ కలిసి ఉంటే వచ్చే కూత. షాపులోనే కంటిన్యుటీ పెట్టి ఒక ప్రోబు మొనని ఇంకోదాని మీద చకచకా గీయండి. తాకగానే కూత వేయాలి. అర సెకను ఆలోచించి కూసే మీటరుతో బోర్డు మీద షార్ట్ వెతకాలంటే ఓపిక నశిస్తుంది. తర్వాత ఓమ్స్‌లో పెట్టి ప్రోబులు కలిపి, వైరుని పిన్ను మొదట్లో అటూ ఇటూ వంచండి. 0.2, 0.3 దగ్గర నిలబడాలి. అంకెలు ఎగిరిపడితే లోపల తీగలు తెగడం మొదలైందని అర్థం. మీటరు బాగున్నా వైర్లు ముందు చస్తాయి, సిలికాన్ వైర్లయితే ఎక్కువ కాలం మన్నుతాయి. 2000 కౌంట్లా 6000 కౌంట్లా (తెర మీద ఎంత పెద్ద అంకె దాకా చూపిస్తుంది) అన్న చర్చ మీ పనికి అంత పట్టించుకోనక్కర్లేదు, 6000 ఉంటే సంతోషం.

నా సలహా ఇదీ. 1500 లోపే ఆగాలంటే యూనీ-టీ, మాస్టెక్, మెకో లాంటి పేరున్న కంపెనీల్లో కెపాసిటెన్స్ ఉన్న మోడల్ చూసి, దాన్ని సాకెట్టు దాకే వాడండి. మెయిన్ బోర్డు మూత తీసే పని ఎలక్ట్రీషియన్‌కి వదిలేయండి. ఒకే సిరీస్‌లో కూడా ఒకదానికి కెపాసిటెన్స్ ఉంటుంది, పక్కదానికి ఉండదు, కాబట్టి డయల్ ఫొటో చూడకుండా ఆర్డర్ పెట్టకండి. కొన్ని నెలలు ఆగి ఇంకొంత పోగెయ్యగలిగితే ఫ్లూక్ 101 తీసుకోండి. అరచేతిలో ఇమిడిపోతుంది, క్యాట్ 3 600 వోల్టులు, కెపాసిటెన్స్ ఉంది. ట్రూ ఆర్‌ఎంఎస్ కాదు, ఆంపియర్లు కొలవదు. ఆంపియర్ల సాకెట్టే లేదు కాబట్టి ఎర్ర వైరు అందులో మర్చిపోయే ప్రమాదమూ లేదు, ఇంట్లో వాడే మీటరుకి అది లోపమని నేననుకోను. ఆర్డుయినో ఎన్ని మిల్లీ ఆంపియర్లు తాగుతోందో చూడ్డానికి అప్పుడు ఆ 250 రూపాయల పసుపు మీటరు కొనుక్కోండి, 5 వోల్టుల దగ్గర అది బంగారం. వోల్టులు ఒకదాంట్లో, ఆంపియర్లు ఇంకోదాంట్లో ఒకేసారి చూడొచ్చు కూడా.

ఏది కొన్నా ఒక అలవాటు చేసుకోండి. కరెంటు లేదని తేల్చుకునే ముందు పనిచేస్తున్న సాకెట్టులో మీటరు పెట్టి 230 చూసుకుని, ముట్టుకోబోయే చోట చూసి, మళ్లీ ఆ సాకెట్టులో చూడండి. సున్నా చూపించింది వైరులో కరెంటు లేకా, ప్రోబు తెగా అన్నది తెలియాలిగా. దీనికి తలకిందులుగా, ఆపేసిన వైరులోనూ మీటరు 60, 80 వోల్టులు చూపించొచ్చు. పక్క వైరు నుంచి వచ్చే దొంగ వోల్టేజ్ అది. హోల్డర్‌లో పెట్టిన ఫిలమెంట్ బల్బు అక్కడ తగిలిస్తే ఆ 80 కాస్తా సున్నా అవుతుంది. బల్బు వెలిగితే మాత్రం వెనక్కి తగ్గి మెయిన్ ఆపండి.