వారానికో గ్లాసు లెక్క ఎవరు చెప్పారు?

ప్రశ్న: నర్సరీలో ఒకే రోజు రెండు జేడ్ మొక్కలు కొన్నాం. ఒకటి హాల్లో టీవీ పక్కన, ఇంకోటి పడమటి బాల్కనీలో పెట్టాను. నర్సరీ అతను చెప్పినట్టే రెండింటికీ వారానికో గ్లాసు నీళ్లు పోస్తున్నాను. హాల్లోదానికి ఆకులు పసుపు రంగుకొచ్చి, ముట్టుకుంటే చాలు రాలిపోతున్నాయి. బాల్కనీలోదేమో ఆకులన్నీ ముడతలు పడింది. ఒకే కొలత ఒకదానికి ఎక్కువై, ఇంకోదానికి ఎలా చాలట్లేదండీ?
- ఒక గృహిణి, కూకట్‌పల్లి

జవాబు: మొక్క ఒకటే అయినా చోటు ఒకటి కాదు కదమ్మా! టీవీ పక్కన ఎండ పొడ కూడా పడదు, కాబట్టి అక్కడ మట్టి ఆరడానికి రెండు వారాలు పట్టినా పట్టొచ్చు, ఈలోగా మీరు ఇంకో గ్లాసు పోసేస్తారు, వేళ్లకి గాలాడక కుళ్లు మొదలవుతుంది. పడమటి బాల్కనీలో మధ్యాహ్నం నుంచీ ఎండే ఎండ, పైగా వేడిగాలి. అక్కడ మట్టి తొందరగా ఎండిపోతుంది, మీ గ్లాసు నీళ్లు వేళ్లకి అందడమే లేదు.

జేడ్ లాంటి దళసరి ఆకుల మొక్కలు ఆకుల్లోనే నీళ్లు దాచుకుంటాయి. ఆకుల మీదుండే సన్నని రంధ్రాల్ని పగలు చాలావరకు మూసేసుకుని రాత్రి చల్లబడ్డాక తెరుస్తాయి, అందుకే లోపలి తడి అంత తొందరగా బయటికి పోదు. మందారంలాగా ఒక పూట నీళ్లు లేకపోతే తల వాల్చే రకం కాదు. మర్చిపోతే బతుకుతాయి, రోజూ గుర్తుపెట్టుకుని పోస్తేనే పోతాయి.

కాబట్టి గ్లాసూ క్యాలెండరూ పక్కన పెట్టేయండి. కాలిపోయిన అగరబత్తి పుల్లని కుండీ అంచు దగ్గర అడుగు దాకా గుచ్చి, కాసేపాగి తీసి చూడండి. పుల్లకి తడిమట్టి అంటుకుని చల్లగా తగిలితే ఇంకా టైముంది. పొడిగా వస్తే అప్పుడు పోయండి, పోసేటప్పుడు మాత్రం పిసినారితనం వద్దు, అడుగు చిల్లులోంచి కారేదాకా పోయాలి. కింద పళ్లెంలో చేరిన నీళ్లు పారబోయండి, చాలా ఇళ్లల్లో మొక్కని చంపేది ఆ పళ్లెమే. గులాబీ పువ్వులా ఆకులు పేర్చినట్టుండే ఎచెవేరియాలాంటి వాటికి ఆకుల మధ్య గుంటలో నీళ్లు నిలవకుండా మొదలు దగ్గరే పోయాలి.

ఇప్పుడు మీ రెండు మొక్కల సంగతి. హాల్లోదాన్ని కుండీలోంచి తీసేసి చూడండి. నల్లబడి మెత్తగా అయిన వేళ్లూ కాండమూ కోసేసి, గట్టిగా ఉన్న ముక్కని నీడలో నాలుగైదు రోజులు ఆరబెట్టండి. కోసిన చోట పొర కట్టాక పొడిమట్టిలో నాటి, ఇంకో వారం దాకా నీళ్ల జోలికి వెళ్లకండి. ఈసారి కిటికీ పక్కన పెట్టండి. టీవీ పక్కన ఏదో ఒకటి ఉండాల్సిందే అనుకుంటే స్నేక్ ప్లాంటో జీజీ ప్లాంటో పెట్టుకోండి, వాటికైనా అంత నీడలో నెలకోసారి నీళ్లు చాలు.

బాల్కనీదానికి బహుశా కోకోపీటే (కొబ్బరి పీచు పొట్టు) తంటా. నర్సరీ కుండీల్లో ఎక్కువగా ఉండేది అదే, తేలిగ్గా ఉంటుందని. అది ఒకసారి పూర్తిగా ఎండిందంటే మళ్లీ ఒక పట్టాన నీళ్లు పీల్చుకోదు, మీరు పోసిందంతా పక్కల నుంచి జారి కిందికి వచ్చేస్తుంది, మనమేమో బాగా తడిసిందని సంబరపడతాం. కుండీని బకెట్ నీళ్లలో సగం మునిగేలా ఓ అరగంట పెట్టి తీయండి. రెండు మూడు రోజుల్లో ఆకులు మళ్లీ బిగుస్తాయి. ఆ తర్వాత ఎర్రమట్టి, ముతక ఇసుక సమానంగా కలిపి, కొంచెం కంపోస్టు, కాసిని ఇటుక ముక్కలు వేసి మట్టికుండీలోకి మార్చండి. సముద్రపు ఇసుక వద్దు, అందులో ఉప్పుంటుంది.

ప్రశ్న: డాబా మీద అడీనియంలు (ఎడారి గులాబీలు) పెంచుతున్నాను. మే నెలలో మిట్టమధ్యాహ్నం వాడినట్టు కనిపిస్తే అప్పుడే నీళ్లు పోయొచ్చా? వానాకాలంలో ఏం చేయాలి?
- ఒక రిటైర్డ్ ఉద్యోగి, భీమవరం

జవాబు: ఆ టైములో వద్దండీ. నల్ల ప్లాస్టిక్ కుండీలో మట్టి అప్పటికే కాగిపోయి ఉంటుంది. పొద్దు వాలాకో తెల్లవారుజామునో పోయండి. అడీనియం ఎండాకాలంలో బాగానే తాగుతుంది, డాబా మీదైతే రెండు మూడు రోజులకోసారి కావాల్సి రావచ్చు. కింద ఉబ్బిన బోదెని వేలితో నొక్కి చూడండి. మట్టి పొడిగా ఉండి బోదె మెత్తబడితే దాహం, మట్టి తడిగా ఉండి మెత్తబడితే కుళ్లు. రెండూ చేతికి ఒకేలా తగులుతాయి, అందుకే మట్టి చూడకుండా నీళ్ల పైపు పట్టుకోవద్దు. ముసురు పట్టినప్పుడు సన్‌షేడ్ కిందకి జరపండి, మోయలేకపోతే కుండీల్ని పక్కకి పడుకోబెట్టేయండి, చూడ్డానికి బాగోదు గానీ పనిచేస్తుంది. చలికాలంలో ఆకులు రాలిస్తే ఎరువులూ నీళ్లూ పెంచకండి, అది నిద్రపోతోంది.

ప్రశ్న: డిసెంబరు, జనవరి రెండు నెలలూ అమెరికాలో మా అమ్మాయి దగ్గర ఉంటాం. ఇంట్లో కిటికీ దగ్గర కలబంద, స్నేక్ ప్లాంట్లు, చిన్న కలబందల్లా ఉండే హవోర్థియాలు ఉన్నాయి. ఎదురింటి వాళ్లకి తాళం ఇచ్చి వెళ్లమంటారా?
- పేరు వద్దన్నారు, వరంగల్

జవాబు: తాళం ఇస్తే ఇవ్వండి గానీ మగ్గు మాత్రం దాచేయండి! పాపం, ప్రేమకొద్దీ రోజూ పోసేస్తారు. వెళ్లే ముందు రోజు నిండుగా తడిపి, ఎండ నేరుగా తగలని చోటికి జరపండి. చలికాలం కాబట్టి స్నేక్ ప్లాంటూ కలబందా అలాగే ఉంటాయి. హవోర్థియాలకి మాత్రం సంక్రాంతి నాడు ఒక్కసారి పోయమని చెప్పండి. మనీప్లాంట్ ఉంటే ముందే వాళ్లింట్లో పెట్టేసి వెళ్లండి.