బట్టల ఫ్యాక్టరీల్లో యూనియన్ హక్కు కోసం కొనేవాళ్లం ఏం చేయగలం?

"మేడ్ ఇన్ బంగ్లాదేశ్ అని ఉన్న బట్టలు కొనడం మానేస్తే అక్కడి కార్మికులకు యూనియన్ పెట్టుకునే హక్కు వస్తుందా?" అని అడిగారు. రాదు. అక్కడి కార్మికులే మానేయమని అడిగేదాకా మానేయకండి. ఢాకాలో ఒక విదేశీ బ్రాండు కొనుగోలు ఆఫీసులో, ఫ్యాక్టరీలు నియమాలు పాటిస్తున్నాయో లేదో చూసే కంప్లయన్స్ విభాగంలో పనిచేశాను. ఢాకా చుట్టుపక్కల సావర్, ఆశులియా, గాజీపూర్ ఫ్యాక్టరీలకు ఆడిట్‌కి వెళ్లడమే నా ఉద్యోగం. అక్కడ చూసింది చెబుతాను.

ఆడిట్ ఫారంలో సంఘం పెట్టుకునే స్వేచ్ఛకూ ఒక పేజీ ఉండేది. మెట్ల వెడల్పు టేపుతో కొలవొచ్చు, మంటలార్పే సిలిండర్లు లెక్కపెట్టొచ్చు. భయాన్ని దేంతో కొలుస్తాం? యూనియన్ ఏదని అడిగితే "పార్టిసిపేషన్ కమిటీ ఉంది కదా" అంటూ హెచ్ఆర్ వాళ్లు ఫైలు తెచ్చి ముందు పెట్టేవారు. అది యాజమాన్యం, కార్మికులు కలిసి కూర్చునే కమిటీ, యూనియన్ కాదు. ఎన్నిక ఫోటోలు, సంతకాలు, మీటింగ్ మినిట్స్, అన్నీ పక్కాగా ఉండేవి. ఒకసారి ఇంటర్వ్యూకి వచ్చిన కుట్టు ఆపరేటర్‌ని, కమిటీకి ఎవరికి ఓటేశావమ్మా అని నాకొచ్చిన బెంగాలీలో అడిగాను. ఆ అమ్మాయి తలుపు వైపు చూసి, గొంతు తగ్గించి, "పీఎం సార్ పేర్లు చదివారు, మేం చప్పట్లు కొట్టాం" అంది. పీఎం అంటే అక్కడ ప్రొడక్షన్ మేనేజర్. ఆ మాట రిపోర్టులో రాస్తే ఎవరన్నారో మేనేజ్‌మెంట్ ఇట్టే పట్టేస్తుంది, ఆ రోజు ఇంటర్వ్యూకి ఎవరొచ్చారో వాళ్లకు తెలుసు. రాయకపోతే ఫ్యాక్టరీ పాస్. ఆడిటర్ ఎంత నిజాయితీపరుడైనా ఈ చిక్కు తప్పదు.

2016 డిసెంబరులో జీతాలు పెంచమని ఆశులియాలో సమ్మెలు జరిగాయి, ఆ తర్వాత వందలాది మందిని పనిలోంచి తీసేశారు. ఒక ఫ్యాక్టరీ గేటు పక్కన, అలా తీసేసినవాళ్ల పాస్‌పోర్టు సైజు ఫోటోలు వరసగా అంటించి, కింద కార్డు నంబర్లు రాసి ఉండటం నేను కళ్లారా చూశాను. రోజూ పొద్దున లోపలికి వెళ్లే ప్రతి మనిషీ వాటిని దాటుకునే వెళ్లాలి.

చట్టం లేదా అంటే ఉంది. యూనియన్ పెట్టుకునే హక్కు, యజమానితో ఉమ్మడిగా బేరమాడే హక్కు గురించిన అంతర్జాతీయ కార్మిక సంస్థ 87, 98 ఒప్పందాలను బంగ్లాదేశ్ 1972లోనే ఆమోదించింది. మన దేశం ఆ రెండూ ఇంకా ఆమోదించలేదు. కానీ అక్కడ యూనియన్ రిజిస్టర్ కావాలంటే ఫ్యాక్టరీ మొత్తంలో 30 శాతం మంది సభ్యులు కావాలనేవారు, 2018లో దాన్ని 20 శాతానికి తగ్గించారు. వేలమంది పనిచేసే చోట అన్ని సంతకాలు యజమాని చెవిన పడకుండా పోగుచేయడం ఎంత కష్టమయ్యేదో ఊహించండి. 2013 ఏప్రిల్ 24న సావర్‌లో రానా ప్లాజా కూలి 1,100 మందికి పైగా చనిపోయారు. ముందురోజే గోడలు పగుళ్లిచ్చాయి. కింది అంతస్తుల్లో బ్యాంకు, దుకాణాలు మూసేశారు, పైన ఫ్యాక్టరీల వాళ్లను మాత్రం జీతం కోస్తామని బెదిరించి లోపలికి పంపారు. ఆ ఫ్యాక్టరీల్లో ఒక్క దాంట్లోనూ యూనియన్ లేదు. "మేం రాం" అని అందరూ ఒక్కమాటగా చెప్పే దారి వాళ్లకు లేకపోయింది.

బ్రాండ్లు స్వచ్ఛందంగా రాసుకునే నియమావళి మీద నాకు నమ్మకం లేదు. ఆర్డరుకు ముడిపెట్టి, కోర్టులో చెల్లేలా యూనియన్‌తో చేసుకున్న ఒప్పందాన్నే నమ్ముతాను. రానా ప్లాజా తర్వాత ఫ్యాక్టరీ భవనాల భద్రత కోసం బ్రాండ్లు, యూనియన్లు 2013 మేలో చేసుకున్న అకార్డ్ అనే ఒప్పందం అలాంటిదే. మన పక్కనే, తమిళనాడు దిండిగల్‌లో 2021 జనవరిలో ఒక దళిత కార్మికురాలిని ఆమె సూపర్‌వైజరే చంపేశాడు. దళిత మహిళలు ముందుండి నడిపే టీటీసీయూ (తమిళనాడు టెక్స్‌టైల్ అండ్ కామన్ లేబర్ యూనియన్) పట్టుబట్టి పోరాడితే, 2022 ఏప్రిల్‌లో ఫ్యాక్టరీ యజమాని, అక్కడ బట్టలు కుట్టించే హెచ్ అండ్ ఎం, గ్యాప్, పీవీహెచ్ కంపెనీలు ఒప్పందాలకు దిగొచ్చాయి. యజమాని మాట తప్పితే ఆ బ్రాండ్లు ఆర్డర్ల విషయంలో చర్య తీసుకోక తప్పదని వాటిలో రాసుకున్నారు.

కొనేవాళ్ల గొంతు ఎక్కడ పనికొస్తుందో హోండురాస్ చూపించింది. 2009 జనవరిలో రసెల్ అథ్లెటిక్ అనే అమెరికా బట్టల కంపెనీ అక్కడ యూనియన్ ఉన్న ఫ్యాక్టరీని మూసేసి సుమారు 1,200 మందిని రోడ్డున పడేసింది. అమెరికా విద్యార్థులు తమ యూనివర్సిటీల మీద ఒత్తిడి తెస్తే, వందకు దగ్గరగా యూనివర్సిటీలు తమ పేరు బట్టల మీద వేసి అమ్ముకోవడానికి ఆ కంపెనీకి ఇచ్చిన లైసెన్సులు తెంచుకున్నాయి. అదే ఏడాది నవంబరులో కంపెనీ దిగొచ్చి, కార్మికులను తిరిగి పనిలోకి తీసుకుని యూనియన్‌ను గుర్తిస్తానంది. ఆ కార్మికులు ఏం కోరారో విద్యార్థులు సరిగ్గా అదే అడిగారు. మీకు మీరే మానేస్తే మాత్రం ఆర్డరు ఇంకో దేశానికి పోతుంది. యూనియన్ వల్లే పోయిందని యజమాని చెప్పుకుంటాడు.

అందుకే మీ బ్రాండుకు రాయండి. ముందు ఓపెన్ సప్లై హబ్ అనే ఉచిత సైట్లో దాని ఫ్యాక్టరీల పేర్లు వెతకండి, పేరు పెట్టి అడిగితే దాటేయడం కష్టం. అక్కడ యూనియన్‌తో వేతన ఒప్పందం ఉందా? నాయకులను తీసేస్తే తిరిగి తీసుకునేదాకా ఆర్డరు పెంచకుండా, అలాగని వదిలి పారిపోకుండా ఉంటారా? ఆ అకార్డ్‌కు కొనసాగింపైన ఇంటర్నేషనల్ అకార్డ్‌లో సంతకం చేశారా? పీసుకు ఇచ్చే ధర గురించి కూడా అడగండి. నేను రిపోర్టు రాస్తున్న రోజునే పక్క గదిలో ఆర్డర్లు, ధరలు చూసే మా మర్చండైజర్ అదే ఫ్యాక్టరీతో ఇంకొన్ని సెంట్లు తగ్గించమని బేరమాడేవాడు. అమెరికాలో చదువుతున్న మనవాళ్లయితే, యూనివర్సిటీల బట్టలు కుట్టే ఫ్యాక్టరీల్లో కార్మిక హక్కులను పరిశీలించే వర్కర్ రైట్స్ కన్సార్షియం అనే సంస్థలో తమ యూనివర్సిటీకి సభ్యత్వం ఉందో లేదో కనుక్కోవచ్చు. యూనివర్సిటీ పేరున్న హుడీలు ఎక్కడ కుట్టారో అడిగితే లైసెన్సింగ్ ఆఫీసు చెప్పగలగాలి.