బెంగళూరులో రెండో తరగతి చదివే పిల్లలకు ట్యాబ్‌లో వీడియోలు చూపిస్తే తెలుగు చదవడం వస్తుందా?

రాదు, ట్యాబ్‌తో చదవడం రావాలంటే పిల్లలు చూస్తూ కూర్చోకుండా పైకి చదవాలి, తప్పు చదివితే అప్పటికప్పుడే తెలియాలి. వీడియోలో గొంతు తన దారిన తాను సాగిపోతుంది. అక్షరం చూడకపోయినా కథ అర్థమవుతుంది కాబట్టి కళ్లు బొమ్మల మీదే ఉంటాయి.

ఉదాహరణకు, బెంగళూరులోని ప్రథమ్ బుక్స్ అనే ప్రచురణ సంస్థ వారి స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగు కథలు ఉచితం. ఒకటో స్థాయి కథ ఒకటి పీడీఎఫ్‌గా దించుకుని నెట్ ఆపేయండి, నోటిఫికేషన్ల గోల ఉండదు. ముందు మీరు పదాల కింద వేలు జరుపుతూ ఒకసారి చదవండి. తర్వాత పిల్ల చదువుతుంటే ఫోన్‌లో రికార్డు చేసి, అదే పేజీ చూస్తూ తన గొంతు తననే విననివ్వండి. కొన్ని తప్పులు తనే పట్టేస్తుంది. రోజుకు 10–15 నిమిషాలు, అదే కథ మూడు రోజులు. మూడో రోజుకు కథ కంఠతా వచ్చేసి, చదువుతున్నట్టు అప్పజెప్పేస్తారు! అప్పుడు పేజీ మధ్యలో ఏదో ఒక పదం మీద వేలు పెట్టి అడగాలి.

బడిలో కన్నడం నేర్చుకుంటున్నారు కదా, తెలుగు లిపి దానంతటదే వస్తుందనుకోవడం చాలామంది చేసే పొరపాటు. ఆకారాలు దగ్గరివే. కానీ ‘కీ’ రాసేటప్పుడు కన్నడంలో దీర్ఘం అక్షరం పక్కన విడిగా వస్తుంది, తెలుగులో గుడితోనే కలిసిపోతుంది. అందుకే ‘కి’, ‘కీ’ల దగ్గర తడబడతారు. రికార్డింగులో ముందు అవే వినండి.